బొక్క పెరిగిందంటే ఏం పెరిగినట్టు? గుబ్బలు, ముళ్లు, కొమ్ముల పేర్ల లెక్క

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే ఎడమ మడమలో మేకు దిగినట్టుంటున్నదని మా పెద్దనాయన నెల రోజులు మూలిగాడు. చివరికి నల్లగొండ తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాం. రిపోర్టులో ఒకే వాక్యం: కాల్కేనియల్ ట్యూబరాసిటీ దగ్గర స్పర్ ఉంది, అంటే మడమ ఎముక గడ్డ దగ్గర ముల్లు. అక్కడి కాంపౌండర్ దాన్ని మన భాషలోకి తిప్పి "బొక్క పెరిగింది" అన్నాడు. ఇంటికొచ్చేదాకా బస్సులో ఆయనకు ఒకటే టెన్షన్. "ఇగ కోసుడేనా బిడ్డా? మన నీళ్లతోనే అయిందంటవా?"

మాది మర్రిగూడ దిక్కు. ఎముక అనే మాట వినపడితే మా ఊళ్లలో ముందు తాగే నీళ్లలోని ఫ్లోరైడే గుర్తొస్తుంది. ఆయన భయంలో తప్పేమీ లేదు. చిక్కంతా ఆ మాటలో ఉంది. "బొక్క పెరిగింది" అని మనం ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు సంగతులకు వాడుతున్నాం. డాక్టర్ల లాటిన్ మాటలేమో విప్పి చూస్తే ఆకారాన్నే తప్ప జబ్బును చెప్పవు.

చేతికి తగిలేదొకటి, లోపల ఉన్నదొకటి

వాపులకు తెలుగులో మాటల కరువు లేదు. తలకు దెబ్బ తగిలితే బొప్పి కడుతుంది. గజ్జల్లోనో చంకలోనో బిళ్ల కడుతుంది. చర్మం కింద మెత్తగా కదిలేది కంతి, చర్మం మీద చిన్నగా లేచేది బుడిపె, అరికాలిలో పొడిచేది ఆనెకాయ, గుండ్రంగా ఉబ్బి ఉన్నది గుబ్బ. ఇవన్నీ వేలితో నొక్కి చూసి పెట్టిన పేర్లు. లోపల ఉన్నది ఎముకా, కొవ్వా, నీరా, చీమా అన్నది ఈ పేర్లకు పట్టదు.

అందుకే ఎముక కానిది చాలాసార్లు ఎముకగా చలామణి అవుతుంది. మణికట్టు వెనుక గోలీలాగా గట్టిగా లేచే గ్యాంగ్లియాన్‌ను ఎముకే అని ఒట్టేసి చెప్పేవాళ్లున్నారు. అది జిగురు ద్రవం నిండిన తిత్తి. చీకట్లో టార్చి ఆనించి చూస్తే వెలుతురు లోపలికి పారుతుంది. మగవాళ్ల గొంతు ముందు కదిలే గుబ్బ మృదులాస్థి, అంటే చెవి దొప్పలో ఉండేలాంటి మెత్తటి పదార్థం. ఎద్దు మూపురంలోనూ బొక్క లేదు, అది కండ, కొంత కొవ్వు. కాడి ఒరుసుకుని మెడ మీద లేచే వాపూ చర్మం, దాని కింది కణజాలానిదే. ఒంటె మూపురమైతే పూర్తిగా కొవ్వు.

బొక్క అన్న మాటకూ ఒక తంటా ఉంది. మనకది ఎముక. సాగర్ డ్యాం దాటి మాచర్ల వైపు వెళ్తే అదే మాటకు రంధ్రం అని అర్థం. అక్కడి డాక్టరుతో బొక్క పెరిగిందంటే ఎక్కడ చిల్లు పడిందా అని వెతుకుతాడు.

ఎముక నున్నగా ఎందుకుండదు

ఎముకను నున్నటి కర్రలాగా ఊహించుకుంటాం గానీ అలాంటి ఎముకతో అడుగు కూడా వేయలేం. కండ పనిచేయాలంటే దాని కొస ఎక్కడో గట్టిగా పట్టుకోవాలి. పగ్గం కట్టడానికి గుంజ కావాలి కదా, అట్లాంటిదే ఎముక మీద ఎత్తు. కొన్ని ఎత్తులు కీలులో ఇమిడి తిరగడానికి, కొన్ని మీటలాగా పనిచేయడానికి.

ఎవరికి వాళ్లు తడుముకుంటే తెలిసేవే చాలా ఉన్నాయి. చీలమండకు అటూ ఇటూ ఉన్న రెండు గుబ్బలు ఒకే ఎముకవనుకుంటాం. లోపలి గుబ్బ పెద్ద పిక్క ఎముక కొస, బయటిది దాని పక్కనున్న సన్న ఎముక కొస. జాగ్రత్తగా చూస్తే బయటిది కాస్త కిందికి దిగి ఉంటుంది. మోచేతి మొన ముంజేతి ఎముకది. దానికి లోపలి పక్కన ఉన్న గుబ్బ మాత్రం భుజం నుంచి దిగివచ్చే ఎముకది, దాని వెనుక సందులోంచి ఒక నరం పోతుంది. తలుపుకు మోచెయ్యి తగిలినప్పుడు చిటికెనవేలి దాకా కరెంటు కొట్టినట్టుండేది ఆ నరం వల్లే, బొక్క వల్ల కాదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది చెవి వెనుక ఉండే గుబ్బ, మాస్టాయిడ్. అప్పుడే పుట్టిన బిడ్డకు అది ఉండదు. బిడ్డ మెడ నిలిపి, తల తిప్పి చూడటం మొదలుపెట్టాక మెడ కండ లాగుతూ ఉంటే రెండేళ్ల వయసుకల్లా అక్కడ ఎముక గుబ్బగా తేలుతుంది. అంటే పుట్టుకతో వచ్చినవనుకునే ఎత్తుల్లో కొన్ని నిజానికి వాడకంతో వచ్చినవి. బరువు, లాగుడు పడిన చోట ఎముక తనను తాను మలుచుకుంటుందని జర్మనీ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లో సూత్రీకరించాడు. ఈ సంగతి గుర్తుంటే, పెరిగిన ప్రతి ఎముకా జబ్బు ఎందుకు కాదో తర్వాత తేలిగ్గా అర్థమవుతుంది.

రిపోర్టులోని మాటలు

ఎముక నుంచి బయటికి వచ్చిన దేన్నైనా ప్రాసెస్ అనొచ్చు. అది ఇంటిపేరు లాంటిది. అందులో చిన్న గుబ్బ ట్యూబర్కిల్, పెద్దగా గరుకుగా ఉంటే ట్యూబరాసిటీ, తొడ ఎముక మీది భారీ గుబ్బ ట్రోకాంటర్. కీలులో తిరిగే గుండ్రటి కొస కాండైల్, దాని మీద ఉన్నది ఎపికాండైల్. గట్టులాగా పొడవుగా ఉంటే క్రెస్ట్, మొనదేలితే స్పైన్. తెలుగులో జువాలజీ చదివినవాళ్లకు కాండైల్ అంటే కందం అని గుర్తుండొచ్చు. పాములకు, పక్షులకు తల వెనుక ఒకే కందం, కప్పలకూ మనకూ రెండు అని పాఠం. కందగడ్డలో ఉన్న కందమే అది. లాటిన్ ట్యూబర్‌కూ అర్థం గడ్డే. ఆలుగడ్డను ట్యూబర్ అనడం అందుకే.

టీబీ అసలు పేరు కూడా అక్కడి నుంచే వచ్చింది. ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గడ్డలు కనిపించాయి కాబట్టి ట్యూబర్‌క్యులోసిస్ అన్నారు. భుజం స్కాన్‌లో ట్యూబర్కిల్ అన్న మాట చూసి, తనకు టీబీ ఉందని రెండు రోజులు అన్నం మానేసిన మనిషిని నేనెరుగుదును. భుజం ఎముక తల పక్కన ఆ గుబ్బ మనందరికీ ఉంటుంది.

చిన్నది, పెద్దది అన్న లెక్క కూడా గట్టిది కాదు. ఆ భుజం గుబ్బకు అధికారిక పేరు గ్రేటర్ ట్యూబర్కిల్. కానీ బాగా పెద్దది కాబట్టి ఎముకల డాక్టర్లు చాలామంది గ్రేటర్ ట్యూబరాసిటీ అంటారు, జీటీ అని కుదించి రాస్తారు. తొడ పైభాగాన ఉన్న గ్రేటర్ ట్రోకాంటర్‌నూ జీటీ అనే రాస్తారు. ఇద్దరు బైకు మీంచి పడ్డారనుకుందాం. ఇద్దరి చీటీల మీదా "జీటీ ఫ్రాక్చర్" అని ఉంటే ఒకరికి విరిగింది భుజం, మరొకరికి తుంటి. స్పైన్ మాటతో ఇంకో గందరగోళం. మామూలుగా స్పైన్ అంటే వెన్నెముక. "ఇలియాక్ స్పైన్" అంటే నడుముకు ముందు పక్కన ప్యాంటు బెల్టు ఒరుసుకునే మొన. దానికీ వెన్నుకూ పొత్తు లేదు.

పాత వైద్యులు పేర్లను ఇంట్లో, పెరట్లో కనిపించే వస్తువుల నుంచే తీసుకున్నారు. చీలమండ గుబ్బ చిన్న సుత్తి. భుజం ముందు దాక్కున్న ఎముక కొస కాకి ముక్కు. మణికట్టు దగ్గరి మొన రాసుకునే గంటం. కండను ఎముకకు కట్టే స్నాయువులో పుట్టే చిన్న ఎముకలకు నువ్వు గింజ పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే ఆ నువ్వు గింజల జాతిలో అన్నిటికన్నా పెద్దది మోకాలి చిప్ప. ఒక్కో దేశంలో ఒక్కో పేరు పెరిగి సుమారు 50 వేలు కావడంతో, 1895లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో శరీర శాస్త్రజ్ఞులు కూర్చుని దాదాపు పదో వంతుకు కుదించారు. పశువుల కోసం ఇలాంటి అంతర్జాతీయ జాబితా 1968లో వచ్చింది.

ఎద్దు మోకాలు వెనక్కి వంగదు

పశువులకు వేరే జాబితా ఎందుకంటే, అవి నాలుగు కాళ్ల మీద ఉంటాయి. మనిషికి తల ఉన్న దిక్కు పైన. ఎద్దుకు అది ముందు. మనిషి నడుం మొన, అంటే ఆ ఇలియాక్ స్పైన్, పూర్తి పేరులో ముందు, పైన అన్న మాటలు రెండూ ఉన్నాయి. అదే పేరు ఎద్దుకు పెడితే అర్థం తిరగబడుతుంది. కాబట్టి పశువైద్యులు అదే మొనను ట్యూబర్ కాక్సే అంటారు, అంటే తుంటి గడ్డ. పేర్లు రెండు, ఎముక ఒకటే.

దేవరకద్ర అంగడిలో బర్రెను బేరం చేసేవాళ్లు తోక దగ్గర నిలబడి చూసేది ఈ ఎముకలనే. నడుముకు ఇరువైపులా పొడుచుకొచ్చేవి తుంటి గడ్డలు. తోకకు అటూ ఇటూ కనిపించేవి పిరుదు గడ్డలు. మనం గట్టి బల్ల మీద ఎక్కువసేపు కూర్చుంటే నొచ్చేది సరిగ్గా ఆ రెండో జతే. పశువు చిక్కితే ఈ రెండు జతల మధ్య గుంట పడుతుంది, అక్కడ బొక్క ఏమీ పెరగదు, మీది కండ, కొవ్వు కరుగుతాయి. "బొక్కలు తేలినయ్" అనే మన మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

ఎద్దు వెనక కాలు మధ్యలో మోకాలు వెనక్కి వంగినట్టు కనిపిస్తుంది. అది మోకాలు కాదు, మడమ. వెనక్కి పొడుచుకొచ్చిన ఆ మొన, మా పెద్దనాయన రిపోర్టులో ఉన్న కాల్కేనియల్ గడ్డ, ఒకే ఎముక. పశువు మడమ నేలకు ఆనించకుండా వేళ్ల కొసల మీద నడుస్తుంది కాబట్టి మడమ మీదికి వెళ్లింది. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట పక్కన ఉంటుంది.

ఒకే మాట, రెండు రకాల కొమ్ములు

జంతువుల్లో కంటికి బాగా ఆనే ఎముక పెరుగుదల కొమ్మే. కానీ తెలుగులో కొమ్ము అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు వస్తువులున్నాయి. రెండిటికీ సాక్ష్యం పాలమూరు చుట్టుపక్కలే దొరుకుతుంది.

నారాయణపేట వైపు కృష్ణ ఒడ్డు చేలల్లో పడి పంట తినే కృష్ణజింకకు మెలితిరిగిన కొమ్ములుంటాయి. లోపల నుదుటి ఎముక నుంచి లేచిన బొక్క, దాని మీద గోరు పదార్థపు తొడుగు. ఇది జీవితాంతం ఉంటుంది, విరిగితే మళ్లీ కొత్తది రాదు. ఎద్దుకు, పొట్టేలుకు, మేకకు ఉండేవీ ఇవే. అమ్రాబాద్ అడవిలో మగ చుక్కల దుప్పి కొమ్ము మొత్తం బొక్కే. పెరిగేటప్పుడు మీద మెత్తటి నూగు చర్మం ఉంటుంది, ముదిరాక అది ఎండి ఊడుతుంది. ఏడాదికోసారి కొమ్మే రాలిపోయి కొత్తది మొలుస్తుంది. రాలిన కొమ్ములను ఏదుపందులు కొరికి సున్నం తీర్చుకుంటాయి. ఇంగ్లిష్‌లో మొదటిది హార్న్, రెండోది యాంట్లర్. ఖడ్గమృగం కొమ్ములో అసలు ఎముకే లేదు, అదంతా గోరు పదార్థం.

దూడ కొమ్ము ఎట్లా మొదలవుతుందో చూస్తే ఎముకకూ చర్మానికీ ఉన్న పొత్తు తెలుస్తుంది. మొదటి రెండు నెలలు కొమ్ము మొగ్గ చర్మంతో పాటు కదులుతుంది. తర్వాత నుదుటి ఎముకకు అతుక్కుంటుంది. వయసు పెరిగేకొద్దీ నుదుటిలోని గాలి గది కొమ్ము లోపలికి పాకుతుంది. అందుకే పెద్ద ఎద్దుకు కొమ్ము మొదట్లో విరిగితే అదే పక్క ముక్కులోంచి నెత్తురు కారుతుంది. చూసినవాళ్లు తల లోపల ఏదో పగిలిందని బెదురుతారు. కోడిపుంజు కాలి ముల్లూ ఇదే పోలికలో ఉంటుంది, లోపల బొక్క, మీద తొడుగు. రిపోర్టుల్లోని స్పర్ అన్న మాటకు ఇంగ్లిష్‌లో ఈ కోడి ముల్లన్న అర్థం కూడా ఉంది.

తర్వాత పెరిగేవి

పుట్టుకతో లేని ఎముక తర్వాత లేస్తే దానికి గంపగుత్తగా ఎక్సోస్టోసిస్ అని పేరు. కీలు అంచున మొలిస్తే ఆస్టియోఫైట్, గ్రీకులో ఎముక మొక్క అని. వయసు మీదపడ్డ మోకాళ్లలో, నడుములో ఇవి సర్వసాధారణం. కండరం కొసో, ఎముకను ఎముకకు కట్టే లిగమెంటో అతికిన చోట మొలిస్తే ఎంథీసోఫైట్. స్పర్ అన్నది ముల్లులా ఉందని చెప్పే వాడుక మాట మాత్రమే, ఎందుకొచ్చిందో చెప్పదు.

విరిగిన ఎముక అతుక్కునేటప్పుడు చుట్టూ కట్టే ముద్ద కాలస్. చేతికి కాసిన కాయకూ ఇంగ్లిష్‌లో అదే పేరు కాబట్టి ఇది మరో తికమక. ఎదిగే పిల్లల్లో మోకాలి చుట్టుపక్కల పుట్టగొడుగులా లేచేది ఆస్టియోకాండ్రోమా, మీద మృదులాస్థి టోపీ ఉంటుంది. ప్రమాదం లేని ఎముక గడ్డల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఎదుగుదల ఆగితే అదీ ఆగుతుంది. పెద్దయ్యాక మళ్లీ పెరగడం, నొప్పి రావడం మొదలైతేనే డాక్టర్లు అనుమానంగా చూస్తారు. అంగిలి మధ్యలో నాలుకకు తగిలే గట్టి గుబ్బ చాలామందికి ఏళ్లుగా ఉంటుంది, ఏ హానీ చేయదు. ఒకరోజు అద్దంలో చూసుకుని క్యాన్సర్ అనుకోవడమే దానితో వచ్చే పెద్ద బాధ.

ఒక ఉదాహరణ. పదమూడేళ్ల పిల్లవాడు, కబడ్డీ ఆడతాడు, మోకాలి చిప్ప కింద గుబ్బ తేలి నొస్తున్నది. అక్కడ అందరికీ ఉండే టిబియల్ ట్యూబరాసిటీయే అది. తొడ కండ లాగే లాగుడు, ఇంకా గట్టిపడని ఎముక మీద పడి అది ఉబ్బింది. 1903లో విడివిడిగా వర్ణించిన ఇద్దరు డాక్టర్ల పేర్ల మీద దాన్ని ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. ఎదుగుదల పూర్తయ్యేసరికి నొప్పి సాధారణంగా పోతుంది, గుబ్బ మాత్రం మిగిలిపోవచ్చు.

నీళ్ల సంగతి

ఫ్లోరైడ్ ఎముక ఖనిజంలోకి చొరబడి, ఎముక కట్టే కణాలను రెచ్చగొడుతుంది. ఎముక చిక్కబడుతుంది గానీ పెళుసు బారుతుంది. కండరాలు, లిగమెంట్లు అతికే చోట్ల ముళ్లు లేస్తాయి, లిగమెంట్లే ఎముకగా మారతాయి. వెన్ను బిగుసుకుపోతుంది. 1970లలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఫ్లోరైడ్ ప్రాంతపు పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగడాన్ని నమోదు చేశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ ఆ దశాబ్దంలోనే తయారుచేసి, దానికి నల్లగొండ పేరే పెట్టింది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశ ప్రమాణం, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా. ఆ బోరు నీళ్లే తాగిన పశువులకూ కాలి ఎముకల మీద, దవడ మీద గుబ్బలు లేస్తాయి, పళ్లు మచ్చలు పడి అరుగుతాయి.

మరి ఒక ముల్లు ఫ్లోరైడ్‌దా, వయసుదా? ఇక్కడ రెండు వైపులా పొరపాటు జరుగుతుంది. బయటి డాక్టరు ఫ్లోరోసిస్‌ను మామూలు కీళ్ల అరుగుదల అనుకోవచ్చు. మనవాళ్లు వయసుతో వచ్చిన ప్రతి ముల్లునూ నీళ్ల ఖాతాలో వేస్తారు. ముల్లును ఒంటరిగా చూస్తే నిజంగానే తేల్చలేం. అందుకే ముంజేయి ఎక్స్‌రే అడుగుతారు. అక్కడి రెండు ఎముకల మధ్య పలుచటి పొర ఉంటుంది. అది ఎముకగా మారి రంపపు పళ్లలాగా కనిపిస్తే అనుమానం బలపడుతుంది. ఎముకలన్నీ చిక్కగా తెల్లగా ఉన్నాయా, మెడ, నడుం వంగుతున్నాయా, మూత్రంలో ఫ్లోరైడ్ ఎంత, ఎన్నేళ్లు ఏ నీళ్లు తాగారు అన్నవి కలిపి చూస్తారు. ఇంటికి కృష్ణా నీళ్లు వచ్చాక కూడా ఎముకలో చేరిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఉంటుంది. కాబట్టి "ఇప్పుడు నల్లా నీళ్లే తాగుతున్నం" అన్న జవాబుతో ప్రశ్న తీరిపోదు.

ఫోన్ చూస్తే తల వెనుక కొమ్ము మొలుస్తుందా

2019 జూన్‌లో ఈ వార్త ప్రపంచమంతా తిరిగింది. మూలం, ఏడాది ముందు ఆస్ట్రేలియాలో ఇద్దరు పరిశోధకులు అచ్చువేసిన వ్యాసం. 1200 ఎక్స్‌రేలు చూసి, తల వెనుక మధ్యలో ఉండే గుబ్బ మూడో వంతు మందిలో పెద్దదిగా ఉందని, కుర్రవాళ్లలో మరీ ఎక్కువని రాశారు. తల వంచి ఫోన్ చూడటం కారణం కావచ్చని ఊహించారు. పత్రికలు ఆ ఊహను కొమ్ము చేశాయి.

ఊహ పూర్తిగా గాలిలోది కాదు, లాగుడుకు ఎముక స్పందిస్తుందని వోల్ఫ్ చెప్పింది ఇదే. కానీ ఎవరు ఎంతసేపు ఫోన్ చూశారో వాళ్లు కొలవలేదు. ఎక్స్‌రేలు ఏదో ఇబ్బందితో క్లినిక్‌కు వచ్చినవాళ్లవి. ఆ గుబ్బ మగవాళ్లలో పెద్దగా ఉంటుందన్నది, పుర్రె చూసి ఆడామగా గుర్తించడానికి వాడే పాత సంగతి. ఫోన్లు లేని కాలపు పుర్రెల్లోనూ అది కనిపిస్తుంది. విమర్శల తర్వాత 2019లోనే పత్రిక సవరణ వేసింది. తల వెనుక చెయ్యి పెట్టి గుబ్బ తగిలిందని మా చిన్నోడు ఫోన్ పక్కన పెట్టాడు, ఒక పూటకు.

మడమ ముల్లు గుచ్చుతుందా

మడమ ముల్లు మీద వైద్యుల్లోనే వాదన ఉంది. పాత అభిప్రాయం సూటిగా ఉంటుంది: ముల్లు ఉంది, గుచ్చుతోంది, తీసేస్తే సరి. ఇప్పుడు చాలామంది, నొప్పి అరికాలి కింద సాగిన గట్టి పట్టీది, అది మడమకు అతికిన చోట దెబ్బతినడమే కారణం అంటారు. రాత్రంతా ముడుచుకున్న పట్టీ పొద్దున్నే మొదటి అడుగుకు సాగడంతో పోటు వస్తుంది. ముల్లు ఆ ఒత్తిడికి పుట్టిన గుర్తు. అదీ లాగుడుకు పుట్టిందా, బరువు నొక్కుడుకు పుట్టిందా అన్నది తేలలేదు. ముల్లు చాలాసార్లు పట్టీలో కాక, దాని మీది చిన్న కండ మొదట్లో ఉంటుందని గమనించినవాళ్లు నొక్కుడు వైపు మొగ్గుతారు. పాత అభిప్రాయాన్నీ పూర్తిగా కొట్టేయలేం, ఎందుకంటే మడమ నొప్పి ఉన్నవాళ్లలో ముల్లు మిగతావాళ్లలో కన్నా ఎక్కువగానే కనిపిస్తుంది.

మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరు పెద్దనాయనను వంగమన్నాడు, గొంతుక్కూర్చోమన్నాడు, మెడ తిప్పమన్నాడు. ముంజేయి ఎక్స్‌రే తీయించాడు, మధ్య పొర శుభ్రంగా ఉంది. పోల్చి చూడటానికి రెండో కాలుకూ తీయించాడు. కుడి మడమలోనూ ముల్లుంది, ఎడమదానికన్నా ఒక పిసరు పెద్దదే. ఆ కాలు ఆయనకు ఏనాడూ నొయ్యలేదు.